దిగడం తెలిసిన కాళ్లు

చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుడి ముందు నిలబడ్డవాళ్లు మూడు పనులు చేస్తారు. దండం పెడతారు, నుదుటి మీద మొట్టికాయలు వేసుకుంటారు, చెవులు పట్టుకుని గుంజీలు తీస్తారు. సగం నేలలోనే ఉండి, సగం పైకి కనిపించే స్వామి ఆయన. ఆయన ఎదుట ముసలీ ముతకా కూడా కుడిచేత్తో ఎడమ చెవి, ఎడమచేత్తో కుడి చెవి పట్టుకుని, అందినంత కిందికి దిగి లేస్తారు. విష్ణుమూర్తి చక్రాన్ని బాల గణపతి మింగేస్తే, నవ్వించి కక్కించడానికి విష్ణువే గుంజీలు తీశాడని పెద్దలు చెప్పే కథ. మొదటి రెండు పనులూ చేతులవి. మూడోదానిలో ఒంట్లో ఉన్న అతిపెద్ద కండరాలన్నీ కలిసి పనిచేస్తాయి. పొర్లుదండాలు, మెట్ల మొక్కులు పక్కన పెడితే, కాళ్లకు ఇంత పని చెప్పే మొక్కు మన గుళ్లలో అరుదు.

అదే నేల మీద కాళ్ల విద్య ఇంకొకటి ఉంది. శ్రీకాకుళం, విజయనగరం, పాత విశాఖ జిల్లాల పల్లెల్లో గొల్లలు తరతరాలుగా ఆడుతున్న తప్పెటగుళ్లు. 2022లో జిల్లాలు విడిపోయాక చోడవరం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది కానీ, ఆ ఆటగాళ్ల కాలి గజ్జెల చప్పుడుకు జిల్లా సరిహద్దులతో పని లేదు. గుండ్రటి రేకు తప్పెటను రొమ్ముకు కట్టుకుంటారు. రెండు అరచేతులతో దాన్ని వాయిస్తూ, కాళ్ల గజ్జెలు కదం తొక్కుతుండగా వలయంగా తిరుగుతారు, గెంతుతారు, గొంతుక్కూర్చుని లేస్తారు, ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురం కడతారు. గంగమ్మ కొలుపులో ఆడతారు, వానలు కురవాలని ఆడతారు, కృష్ణుడి కథలూ రామకథలూ పాడుతూ ఆడతారు. పాట పాడేదీ, వాయిద్యం వాయించేదీ, గెంతేదీ ఒకే మనిషి.

గుడిలో గుంజీ, తప్పెట గెంతు పైకి ఒకదానితో ఒకటి సంబంధం లేనివిగా కనిపిస్తాయి. ఒకటి భక్తి, ఇంకొకటి ఆట. కాళ్ల వైపు నుంచి చూస్తే మాత్రం రెండింటిలోనూ ఒకే పాఠం ఉంది. రెండూ చేతుల్ని కట్టేస్తాయి. గుంజీలో చేతులు చెవుల దగ్గర బందీ, తప్పెటగుళ్లలో రొమ్ము దగ్గర బందీ. చేతులు ముందుకు చాపితే అవి తూకంగా పనికొచ్చి కూర్చోవడం తేలికవుతుంది. చేతులు విసిరి ఎగిరితే ఎత్తు పదో వంతుకు పైగా పెరుగుతుంది. ఈ రెండు సాయాలనూ మన సంప్రదాయం తీసేసింది. ఇక బరువు మొత్తం తుంటి, మోకాలు, చీలమండ మోయాల్సిందే. అలా మోసేటప్పుడు అసలు పరీక్ష పైకి లేచేటప్పుడు కాదు, కిందికి దిగేటప్పుడు ఎదురవుతుంది. మన వ్యాయామశాలల్లో, బడి మైదానాల్లో ఎంత ఎత్తు ఎగిరావు, ఎన్ని తీశావు అని అడుగుతారు గానీ, ఎలా దిగావని అడగరు. మోకాళ్ల ఆరోగ్యానికి ఈ ప్రశ్నే ముఖ్యమని నా నమ్మకం.

గుంజీని నెమ్మదిగా విప్పి చూద్దాం. పాదాలు భుజాల వెడల్పున, వేళ్లు కాస్త బయటికి. దిగడం మొదలవగానే తుంటి వెనక్కి జరుగుతుంది, మోకాళ్లు ముందుకు వస్తాయి, మోకాలి కింది ఎముక చీలమండ మీద ముందుకు వాలుతుంది. ఇప్పుడు ఒంటి బరువు మోకాలిని ఇంకా మడవాలని చూస్తుంది. దాన్ని పట్టి ఆపేది తొడ ముందు భాగంలోని నాలుగు కండరాల జట్టు, క్వాడ్రిసెప్స్. మోకాలి చిప్ప మీదుగా వెళ్లే ఆ జట్టు, సాగుతూనే బిగుసుకుని, తాడు వదులుతున్నట్టు బరువును కిందికి దింపుతుంది. తుంటిని ఆపేది పిరుదు కండరం, గ్లూటియస్ మాక్సిమస్. ముందుకు పడిపోకుండా పిక్క, వెనక్కి పడిపోకుండా ముంగాలి ముందున్న సన్నటి కండరం క్షణక్షణం సర్దుకుంటాయి.

కండరం పనిచేసేటప్పుడు దానిలో చిన్నపాటి విద్యుత్తు పుడుతుంది. చర్మం మీద బిళ్లలంటించి ఆ విద్యుత్తును కొలిచే పద్ధతి ఎలక్ట్రోమయోగ్రఫీ. వోల్టులో వెయ్యో వంతు కూడా తరచు ఉండని సంకేతం అది. ఆ మనిషి పూర్తి బలంతో బిగించినప్పుడు వచ్చే సంకేతంతో పోల్చి, కండరం ఇప్పుడు ఎంత వంతు పనిచేస్తోందో చెబుతారు. ఇలా కొలిచినవాళ్లకు మొదట తెలిసింది, తొడ నేలకు సమాంతరంగా వచ్చే చోట, అంటే మోకాలు దాదాపు 90 డిగ్రీలు మడిచినప్పుడు, క్వాడ్రిసెప్స్ సందడి అత్యధికం అని. అక్కడి నుంచి ఇంకా కిందికి వెళితే ఆ జట్టు సంకేతం అంతగా పెరగదు. పెరిగేది పిరుదు వాటా. 2002లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో నాలుగు కండరాలను కొలిచారు. పైకి లేచే దశలో, ఆ నాలుగింటి మొత్తం సంకేతంలో పిరుదు వాటా అరగుంజీలో దాదాపు 17 శాతం ఉంటే, పూర్తిగా కూర్చుని లేచినప్పుడు 35 శాతానికి చేరింది. గుళ్లో మోకాళ్లు కాస్త వంచి వదిలేసే మొక్కుబడి గుంజీకీ, పిరుదులు మడమలకు తగిలేలా తీసే నిండు గుంజీకీ తేడా అక్కడుంది. మెట్లెక్కడానికి, కుర్చీలోంచి లేవడానికి, ముసలితనంలో తూలి పడకుండా నిలవడానికి కావలసిన కండరం మొక్కుబడి గుంజీలో సగం నిద్రలోనే ఉంటుంది.

తొడ వెనక కండరాల సంగతి వింతగా ఉంటుంది. హామ్‌స్ట్రింగ్స్ అనే ఈ జట్టులో ఎక్కువ భాగం తుంటి మీదుగానూ మోకాలి మీదుగానూ వెళుతుంది. కూర్చునేటప్పుడు తుంటి కొసన సాగుతుంది, మోకాలి కొసన కుదించుకుంటుంది. మొత్తం మీద పొడవు పెద్దగా మారదు. లేచేటప్పుడు ఇంకా విచిత్రం. మోకాలిని చాపే క్వాడ్రిసెప్స్, దాన్ని మడవగలిగిన హామ్‌స్ట్రింగ్స్, రెండూ ఒకేసారి బిగుస్తాయి, అయినా మనిషి లేస్తాడు. తుంటి దగ్గర, మోకాలి దగ్గర ఒక్కో జట్టుకు ఉన్న మీటపట్టు వేరు కాబట్టి రెండింటి పోరులో ఫలితం లేవడం వైపే మొగ్గుతుంది. ఈ చిక్కును 1903లో వారెన్ లొంబార్డ్ అనే అమెరికా శరీర శాస్త్రవేత్త గుర్తించి రాశాడు. అందుకే ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఒంటి బరువుతో తీసే గుంజీలో ఈ వెనక జట్టు సంకేతం చిన్నదే. తొడ వెనక బలం కోసం గుంజీలు ఒక్కటే సరిపోవు.

ఇక దిగడం. ఒకే బరువును ఒకే వేగంతో దింపేటప్పుడు కండరం చూపే విద్యుత్తు, ఎత్తేటప్పటి కన్నా తక్కువ. సాగుతూ బిగుసుకునే కండరం తక్కువ తంతువులతోనే ఎక్కువ బలం తెస్తుంది. దీన్ని 1952లో లండన్‌లో అందంగా చూపించారు. అబోట్, బిగ్లండ్, రిచీ అనే ముగ్గురు పరిశోధకులు రెండు సైకిళ్లను వీపులు ఆనించినట్టు పెట్టి ఒకే గొలుసుతో కలిపారు. ఒకరు ముందుకు తొక్కుతారు. రెండోవారి పెడళ్లు వెనక్కి తిరుగుతుంటే వారు అడ్డుకుంటారు. ఇద్దరి కాళ్లలో బలం సమానమే, కానీ అడ్డుకునేవారికి పట్టే ప్రాణవాయువు తొక్కేవారి కన్నా ఎంతో తక్కువ. చిన్న శరీరం ఉన్న బ్రెండా బిగ్లండ్, భారీ మనిషైన రిచీ తొక్కుడును తాపీగా అడ్డుకుంటూ కూర్చుంటే, ఆయనకేమో చెమటలు పట్టాయి.

అంటే దిగడానికి ఊపిరి ఖర్చు తక్కువ. కాబట్టే దాన్ని పట్టించుకోం, ధబాలున పడి మళ్లీ లేస్తాం. ఆ చౌకకు అసలు వెల మర్నాడు తెలుస్తుంది. సాగుతూ బిగుసుకునే పనిలో తక్కువ తంతువుల మీద ఎక్కువ బరువు పడుతుంది, వాటిలో సన్నటి చీలికలు ఏర్పడతాయి. అలవాటు లేనివాడు ఒకేసారి ఎక్కువ గుంజీలు తీస్తే, రెండో రోజు మెట్లు దిగలేక గోడ పట్టుకునేది అందుకే. ఎక్కడం కన్నా దిగడమే అప్పుడు నరకం. కొంచెం కొంచెంగా పెంచితే కండరం ఆశ్చర్యపోయేంత త్వరగా అలవాటు పడుతుంది. ఒక్కసారి ఓ మోస్తరు నొప్పి భరించినవాడికి మరుసటి వారం అదే పని అంత బాధించదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గుంజీని మన బళ్లు శిక్షగా మార్చాయి. వ్యాయామానికి జరిగిన అవమానం సంగతి అటుంచితే, ఇది ఒంటికి ప్రమాదం. 2024లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఒక బాలికల గురుకులంలో వందల కొద్దీ గుంజీలు తీయించడంతో పదుల సంఖ్యలో ఆడపిల్లలు నడవలేక ఆసుపత్రి పాలయ్యారు. అలవాటు లేని కండరంతో హద్దు మీరి దిగుడు పని చేయిస్తే తంతువులు చితికి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి కారుతుంది. అది మూత్రపిండాలను కూడా దెబ్బతీయగలదు. మూత్రం ముదురు రంగులో, డికాక్షన్ రంగులో వస్తే అది వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన సూచన. విద్యాహక్కు చట్టం 2009లోనే శారీరక శిక్షలను నిషేధించింది. చట్టం కన్నా ముందు కండరమే ఆ శిక్షను ఒప్పుకోదు. దేవుడి ముందు ఇష్టంగా తీసిన పదకొండు గుంజీలూ, బెత్తం ముందు భయంతో తీసిన రెండువందలూ ఒకే కదలిక అని ఎవరైనా అంటే వాళ్లకు రెండూ తెలియవన్నమాట.

మోకాలు కాలివేళ్లను దాటకూడదనే నియమం జిమ్ముల్లో వేదవాక్కులా వినిపిస్తుంది. చోడవరం గుడి ముందు గుంజీ తీసే ఏ అమ్మమ్మ మోకాలూ ఆ నియమం పాటించదు, పాటిస్తే వెనక్కి పడుతుంది. 2003లో ఫ్రై, స్మిత్, షిల్లింగ్ అనే ముగ్గురు దీన్ని కొలిచారు. ఏడుగురు మగవాళ్లు తమ ఒంటి బరువంత ఇనుము భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచారు. ఒకసారి స్వేచ్ఛగా, ఇంకోసారి మోకాళ్లు వేళ్లు దాటకుండా ముందు చెక్క అడ్డం పెట్టి. అడ్డం పెట్టినప్పుడు మోకాలి మీది తిప్పుడు బలం 150 న్యూటన్ మీటర్ల నుంచి 117కి తగ్గింది. బాగానే ఉంది. కానీ తుంటి మీద అది 28 నుంచి 303కి పోయింది. మోకాలు దించుకున్న బరువు కన్నా ఎన్నో రెట్లు తుంటి మీదా నడుం మీదా పడిందన్నమాట. మోకాలు కాస్త ముందుకు పోవడం తప్పు కాదు. లోపలికి, అంటే రెండో మోకాలి వైపు, వాలడం తప్పు. మోకాలి చిప్ప పాదం రెండో వేలు చూసే దిక్కునే చూడాలి. మడమ నేలను వదలకూడదు. మొదట్లో మడమ లేస్తోందంటే పిక్క బిగుసుగా ఉందని అర్థం. రోజూ బస్సు కోసం నిలబడ్డప్పుడు కూడా పిక్కల్ని సాగదీయవచ్చు.

పూర్తిగా కూర్చుంటే మోకాలి కట్లు వదులైపోతాయని 1961లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ క్లైన్ చెప్పాడు. ఆ మాట సైన్యాల నుంచి స్కూళ్ల దాకా పాకింది. తర్వాతి కొలతలు దాన్ని నిలబెట్టలేదు. అడుగు దాకా దిగినప్పుడు తొడ వెనక భాగం పిక్కకు ఆనుకుని కొంత బరువు పంచుకుంటుంది కూడా. అయితే ఇందులోనే ఇంకో నిజం దాగుంది. గుంజీ వేరు, గంటల తరబడి గొంతుక్కూర్చోవడం వేరు. బీజింగ్‌లో పెద్దవాళ్ల మీద జరిగిన అధ్యయనంలో, వయసులో ఉన్నప్పుడు రోజూ ఎక్కువ గంటలు గొంతుక్కూర్చుని పనిచేసినవారికి మోకాళ్ల అరుగుదల ఎక్కువ కనిపించింది. మన చోట బెల్లం పొయ్యిల దగ్గర, వేరుశనగ కలుపు తీతలో, మార్కెట్లో కూరగాయల బుట్టల వెనక రోజంతా అలా కూర్చునే ఆడవాళ్ల మోకాళ్లకు కావలసింది ఇంకొన్ని గుంజీలు కాదు, ఒక పీట, మధ్య మధ్య లేచి నాలుగడుగులు. కీలు కదలికతో బతుకుతుంది. కదలకుండా మడిచి పెట్టడం దానికి శిక్ష.

గుంజీలో నేల ఎప్పుడూ పాదాల కిందే ఉంటుంది. గెంతులో నేల దూరమై, తిరిగి వచ్చి ఢీకొంటుంది. ముప్ఫై సెంటీమీటర్లు ఎగిరిన మనిషి నేలను తాకేటప్పుడు సెకనుకు 2.4 మీటర్ల వేగంతో ఉంటాడు. ఆ వేగాన్ని ఎంత దూరంలో ఆపాడన్నదే లెక్క. 60 కిలోల మనిషి కాళ్లు బిగించి ఐదు సెంటీమీటర్లలోనే ఆగిపోతే, ఆ ఆపుడులో సగటున ఒంటి బరువుకు ఏడు రెట్లు, 420 కిలోల భారం పడుతుంది. మోకాళ్లూ తుంటీ వంచి ముప్ఫై సెంటీమీటర్ల మేర దిగి ఆగితే అది రెండు రెట్లు, 120 కిలోలే. క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కున్నట్టే. ఇవి సగటులు. తొలి క్షణాల్లో పడే దెబ్బ ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. గాల్లో రెండు పల్టీలు కొట్టి దిగే జిమ్నాస్టుల పాదాల కింద ఒంటి బరువుకు పది రెట్లు దాటిన కొలతలు కూడా నమోదయ్యాయి.

ఇంత భారాన్ని ఆపే సమయం ఎంత? మోకాలి లోపలి ముఖ్యమైన కట్టు, ఏసీఎల్, తెగిన ఆటగాళ్ల వీడియోలను అంగుళం అంగుళం కొలిచినవాళ్లు, పాదం నేలను తాకిన దాదాపు 40 మిల్లీసెకన్లలోనే అది తెగుతోందని తేల్చారు. రెప్పపాటు దానికి రెండింతలకు పైనే. నేల తగిలాక మెదడు గమనించి కండరానికి కబురు పంపే వ్యవధి లేదు. మరి కాలు ఎలా కాచుకుంటుంది? 1971లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మెల్విల్ జోన్స్, వాట్ అనే పరిశోధకులు ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. మనుషుల్ని గెంతించి, ఉన్నట్టుండి కిందికి వదిలి, పిక్క కండరం సంకేతం చూశారు. పాదం ఇంకా గాల్లో ఉండగానే పిక్క బిగుసుకోవడం మొదలుపెట్టింది. నేల ఎప్పుడొస్తుందో మెదడు ముందే లెక్క వేసి కబురు పంపేసింది. తగిలాక వచ్చే ప్రతిచర్య దిగుడులో అక్కరకు రాని ఆలస్యంతో వచ్చింది. బాగా దిగడమంటే నేల కోసం ముందే సిద్ధమై ఉండడం. ఆ సిద్ధం అభ్యాసంతోనే వస్తుంది. చెప్తే రాదు.

తప్పెటగుళ్లు ఈ అభ్యాసాన్ని ఎలా నేర్పుతాయో దగ్గరగా చూడాలి. గురువు పాట ఎత్తుకుంటాడు, జట్టు వలయంగా నడక మొదలుపెడుతుంది. నడక గెంతవుతుంది. ఉత్త పాదాలు, మట్టి నేల. దిగేటప్పుడు ముందు మునివేళ్ల దిమ్మ తాకుతుంది, వెంటనే మడమ నేలకు వస్తుంది, ఆ వెంటే మోకాలు, దాని వెంట తుంటి వంగుతాయి. బిగుసుగా దిగినవాడి గజ్జెలు ఒక్కసారిగా ఝల్లుమని ఆగిపోతాయి. మెత్తగా దిగినవాడివి కొంచెం సేపు జల్లుగా మోగి, తప్పెట దెబ్బలోకి కలుస్తాయి. పదిహేను ఇరవై మంది గజ్జెలు ఒకే దెబ్బ మీద నేలకు రావాలి. ఒకడు ముందో వెనకో దిగితే చెవి ఉన్న ఎవరికైనా తెలిసిపోతుంది. ప్రయోగశాలలో నేలలో అమర్చిన బలమాపక ఫలకం చెప్పే సంగతిని, అంటే ఎంత గట్టిగా, ఎంత వేగంగా దిగాడో, ఇక్కడ కాలి గజ్జెలు అక్కడికక్కడే చెబుతాయి. తప్పెట రొమ్ము మీద ఉంటుంది కాబట్టి నడుం ముందుకు కూలితే వాయించడానికి వీల్లేదు. మొండెం నిటారుగా ఉండక తప్పదు. పైగా నోట పాట. ఊపిరి ఎగబీల్చుకునేవాడు పాడలేడు. కాబట్టి తక్కువ ఖర్చుతో దిగడం నేర్చుకున్నవాడే చివరి దాకా ఆడగలడు.

దిగుడంతా మెత్తగానే ఉండాలని కాదు. తాళం ఎంత వేగంగా ఉందో కాళ్లు అంత బిగుసుకుంటాయి. మనిషిని తన ఇష్టానికి గెంతమంటే సెకనుకు సుమారు రెండు గెంతులకు కుదురుకుంటాడు. ఆ వేగంలో పిక్క వెనకాల మడమకు అతుక్కున్న లావుపాటి స్నాయువు, అకిలిస్, సాగి శక్తిని దాచుకుని తిరిగి ఇస్తుంది. కండరం దాదాపు బిగుసుకునే ఉంటే సరిపోతుంది. తాళం నెమ్మదించినప్పుడు ఆ స్నాయువు దాచిన శక్తి వృథా అవుతుంది, అప్పుడు తొడా పిరుదూ బరువు దింపాలి. తప్పెటగుళ్లలో దరువు వేగం మారినప్పుడల్లా ఆటగాడు ఈ రెండు పద్ధతుల మధ్య జారిపోతుంటాడు. చిన్న చిన్న గంతులు, ఆ వెంట లోతుగా కూర్చుని లేచే ఒక మలుపు, మళ్లీ గంతులు. 1992లో డెవీటా, స్కెల్లీ అనే పరిశోధకులు 59 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దూకిన ఆడపిల్లల్ని చూస్తే, మోకాలు 90 డిగ్రీలు దాటి మడిచి మెత్తగా దిగినప్పుడు, బిగుసుగా దిగినప్పటి కన్నా కండరాలు 19 శాతం ఎక్కువ శక్తిని మింగాయి. కండరం మింగనిది ఎముకా, మృదులాస్థీ, కట్లూ భరించాలి. బిగుసు దిగుడులో పని ఎక్కువగా చీలమండ మీద, మెత్తటి దిగుడులో తుంటి, మోకాళ్ల మీద పడింది. గుంజీ పెంచిన కండరాలే అవి.

తప్పెటగుళ్లు సంప్రదాయంగా మగవాళ్ల ఆట. ఈ దిగుడు పాఠం ఎక్కువ అవసరమైనది మాత్రం ఆడపిల్లలకు. గెంతి దిగే ఆటల్లో, కబడ్డీ, వాలీబాల్, బాస్కెట్‌బాల్, ఫుట్‌బాల్, ఏసీఎల్ తెగే ప్రమాదం అమ్మాయిలకే ఎక్కువ. ఆ గాయాల్లో ఎక్కువ భాగం ఎవరూ తగలకుండానే, దిగేటప్పుడో దిక్కు మార్చేటప్పుడో జరిగేవి. 2005లో హ్యూయెట్ అనే పరిశోధకుడి బృందం 205 మంది అమ్మాయిల దిగుడును సీజన్ ముందే కొలిచి పెట్టుకుంది. తర్వాత ఏసీఎల్ తెగిన తొమ్మిది మంది లెక్కలు తీస్తే, వారి మోకాలిని లోపలికి వంచే బలం మిగతావారి కన్నా రెండున్నర రెట్లు ఉంది. మోకాలు లోపలికి వాలడం మామూలు కంటికి కనిపించే తప్పు. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. వ్యాయామ ఉపాధ్యాయుడు ఎదురుగా నిలబడి, అమ్మాయిని ఓ అడుగు ఎత్తు గట్టు మీద నుంచి దూకమని, దిగాక మూడు లెక్కలు కదలకుండా ఉండమంటే చాలు. ఎవరి మోకాళ్లు ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయో తెలిసిపోతుంది. ఫిఫా 11 ప్లస్ అనే సన్నాహక వ్యాయామాల్లో గుంజీలూ, మెత్తగా దిగే గెంతులూ ఉన్నది ఇందుకే. వారానికి రెండు మూడుసార్లు చేసిన జట్లలో గాయాలు బాగా తగ్గాయి.

ఉత్తరాంధ్రకు కాళ్ల బలం పరాయిది కాదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పెరిగిన బలశాలి కోడి రామమూర్తి నాయుడి విగ్రహం విశాఖ సముద్ర తీరాన నిలబడి ఉంది. ఆయన ఛాతీ మీద తెగిన గొలుసుల గురించే మనం చెప్పుకుంటాం. ఆ ఛాతీని మోసింది తాలింఖానాలో తీసిన బస్కీలు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి, నీలంశెట్టి అప్పన్న దగ్గర మొదలుపెట్టి, 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో, స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం గెలుచుకుంది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ. చూసేవాళ్లకు ఆమె బరువును పైకి లేపినట్టే కనిపిస్తుంది. నిజానికి స్నాచ్‌లో కడ్డీని కొంత ఎత్తు దాకా లాగి, అది గాల్లో తేలే ఆ క్షణంలో తాను మెరుపులా దాని కిందికి దిగిపోవాలి. నిండు గుంజీలో కూర్చుని, తలపైన 110 కిలోలను పట్టి ఆపాలి. అక్కడ ఆగగలిగితేనే లేవడం. విజయనగరం జిల్లా కొండవెలగాడ పిల్లలు చిన్నప్పుడే కర్ర పట్టుకుని నేర్చుకునేదీ ఈ కూర్చునే పట్టునే. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం తెచ్చింది.

ఇంట్లో మొదలుపెట్టాలనుకునేవాళ్లకు క్రమం కష్టమైనదేమీ కాదు. మోకాళ్లలో వాపు, నొప్పి ఉన్నవాళ్లు డాక్టరుకు చూపించుకున్నాకే. మిగతావాళ్లు మొదట ఒక ఎత్తు పీటో, కుర్చీయో వెనక పెట్టుకుని, మూడు లెక్కల్లో దిగి, పిరుదు తాకగానే లేవాలి. పీట ఎత్తు వారం వారం తగ్గించుకుంటూ పోవాలి. ఎన్ని తీశామన్నది తర్వాత. దిగడం మూడు లెక్కల కన్నా తగ్గితే ఆపేయాలి. మడమలు నేల మీద, మోకాలు వేళ్ల దిక్కులో. ఇది కుదిరాక చేతులు చెవులకు. అడుగు దాకా వెళ్లి నిలకడగా లేవగలిగినవాళ్లు అప్పుడు గెంతవచ్చు, ముందు రెండు కాళ్లతో, ఉన్న చోటే, నాలుగు వేళ్ల ఎత్తు. చప్పుడు రాకుండా దిగాలి. చప్పుడు కావద్దనుకుంటే మోకాళ్లూ తుంటీ వాటంతట అవే వంగుతాయి. వేరే సూచన ఇవ్వక్కర్లేదు. ఒంటికాలి దిగుడు చివరిది. మోకాలు లోపలికి పోయేది ఎక్కువగా అందులోనే కాబట్టి తొందర పడకూడదు. గుంజీలు మెదడును చురుకు చేస్తాయని ఇప్పుడు విదేశాల్లో కూడా శిబిరాలు పెడుతున్నారు. కాళ్లకు అవి చేసే మేలే ఎంతో ఉంది. దాన్ని పక్కనపెట్టి మెదడు పేరు చెప్పి అమ్మాల్సిన అవసరం నాకు కనిపించదు.

ఇన్ని కొలతలు చెప్పుకున్నాం. వాటిలో ఒక్కటీ తప్పెట కట్టుకున్నవాడి కాలి మీద తీసింది కాదు. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వ్యాయామ విద్యా విభాగం ఉంది. కండరాల సంకేతం పట్టే బిళ్లలు ఇప్పుడు తీగలు లేకుండా, ఆటగాడు వలయంలో తిరుగుతున్నా పనిచేస్తాయి. అనుభవమున్న తప్పెటగుళ్ల ఆటగాళ్లనీ, ఆ ఆట ఎరగని అదే వయసు వాలీబాల్ కుర్రాళ్లనీ తీసుకోవాలి. పిక్క, తొడ ముందు, తొడ వెనక, పిరుదు, ఈ నాలుగు చోట్లా బిళ్లలు పెట్టి ఒకే దరువుకు గెంతించాలి. నేలను తాకడానికి ఎంతసేపు ముందు పిక్క మేలుకుంటోంది, తాళం మారినప్పుడు తొడ ఎన్ని గెంతుల్లో సర్దుకుంటోంది, గంట ఆట తర్వాత మోకాలు లోపలికి వాలుతోందా లేదా అన్నవి చూడాలి. తప్పెటలు లేకుండా చేతులు వదిలి ఒకసారి, కట్టుకుని ఒకసారి చేయిస్తే, చేతుల్ని కట్టేయడం వల్ల తుంటి మీద ఎంత పని పెరుగుతోందో కూడా తెలుస్తుంది. గురువులు ఆటగాళ్ల వయసు పైబడుతోందనీ, కొత్త పిల్లలు రావడం లేదనీ అంటున్నారు. కాబట్టి ఈ పని ఇప్పుడే మొదలుపెట్టాలి.